ఓడ దిగే పెట్రోలు: అండమాన్ రోడ్ల మీద మైలేజీ కథ

దేశంలో పెట్రోలు అతి చవకగా దొరికే చోటు అండమాన్. 2024 మార్చిలో ధర తగ్గాక పోర్ట్‌బ్లెయిర్ బంకుల్లో లీటరు 82 రూపాయల చిల్లరకు వచ్చింది. అదే సమయంలో హైదరాబాదులో 107 రూపాయలు దాటి ఉంది. ఆ తేడాలో సింహభాగం పన్నుదే. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, ఈ ద్వీపాల్లో ఒక్క శాతం. అయితే బంకులో ధర తక్కువైనంత మాత్రాన పెట్రోలు తేలిగ్గా వస్తున్నట్టు కాదు. విశాఖ నుంచి లెక్కేసినా, చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి లెక్కేసినా మధ్యలో 1,200 కిలోమీటర్లు అటూ ఇటూగా సముద్రం ఉంది. ఇక్కడ మండే ప్రతి చుక్కా ఓడ దిగి రావాల్సిందే. అక్కణ్ణుంచి చిన్న దీవులకు మళ్ళీ పడవెక్కాల్సిందే. 2025 సెప్టెంబరులో అండమాన్ సముద్రంలో సహజవాయువు జాడ దొరికిందని కేంద్రం ప్రకటించింది గానీ, అది ఇక్కడి బండ్లకు చేరే మాట ఇప్పట్లో లేదు.

ఇంత దూరం నుంచి వచ్చే సరుకును ఈ ద్వీపాలూ, వీటితో ముడిపడిన మన కోస్తా తీరమూ గత ఎనభై ఏళ్ళుగా ఎలా వాడుతున్నాయో వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కరువు వచ్చినప్పుడల్లా పొదుపు నేర్చుకున్నాం, చవక అయినప్పుడల్లా మరిచిపోయాం. ఈలోగా బండి కూడా మారిపోయింది. ఒకప్పుడు మైలేజీ మెకానిక్ చేతిలో ఉండేది. ఇప్పుడది డ్రైవరు కాలి కింద ఉంది. ఈ మార్పు జరిగి పాతికేళ్ళు కావస్తున్నా మన అలవాట్లు చాలా వరకు పాత బండి దగ్గరే ఆగిపోయాయి.

మోటారు రాకముందు కథ క్లుప్తం. 1858 మార్చిలో బ్రిటిషు అధికారి డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ దిగినప్పుడు ఇంధనమంటే మనిషి కండే. అడవి కొట్టిందీ, బాట వేసిందీ, బరువు లాగిందీ ఖైదీలే. 1883లో చాథం ద్వీపంలో రంపపు మిల్లు పెట్టాక దుంగలు లాగడానికి ఏనుగులు తోడయ్యాయి. దూరాలన్నీ పడవ మీదే సాగేవి. ఉత్తర అండమాన్‌ను దక్షిణంతో కలిపే రోడ్డు అప్పట్లో ఎవరి ఊహలోనూ లేదు.

అసలు కథ 1942లో మొదలవుతుంది. ఆ ఏడు మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది. మార్చి 23న జపాను సేనలు పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. అదే నెలలో వెనక్కి తగ్గుతున్న బ్రిటిషువాళ్ళు బర్మాలోని యెనాంగ్‌యాంగ్ చమురు బావులను తమ చేతులతోనే ధ్వంసం చేశారు. ఇండియాకు కిరసనాయిలూ పెట్రోలూ చాలా వరకు బర్మా నుంచే వచ్చేవి. వాడకం మీద అప్పటికే ఉన్న కోత కాస్తా కటకటగా మారింది. మన జిల్లాల్లో ప్రైవేటు బస్సులు పెట్రోలు మానేసి బొగ్గు మీద నడవడం ఆ రోజుల్లోనే. ద్వీపాల్లోనేమో సరుకు ఓడలు రాక తిండికే కరువొచ్చింది. 1945లో యుద్ధం ముగిసేసరికి జనం ఆకలితో చిక్కి శల్యమై ఉన్నారు. తెలుగు తీరంలో బొగ్గు బస్సుకూ, అండమాన్‌లో ఖాళీ గిన్నెకూ కారణం ఒక్కటే. బంగాళాఖాతం మూసుకుపోయింది.

బొగ్గు బస్సు గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంధనం విలువ మన తాతల తరానికి ఒంటికి తెలిసింది దానివల్లే. బస్సు వెనకాల నిలువెత్తు ఇనుప పీపా ఒకటి బిగించి ఉండేది. అందులో కట్టెబొగ్గు నింపి, కింద నిప్పు పెట్టి, క్లీనరు చేత్తో తిప్పే పంఖాతో గాలి కొట్టేవాడు. చాలీచాలని గాలిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు పుట్టేది. దాన్ని వడగట్టి ఇంజనులోకి పంపేవారు. బండి కదలాలంటే ముందుగా అరగంట సేపు ఆ పంఖా తిప్పాలి. పెట్రోలుతో వచ్చే బలంలో ఎంతో కొంత కోత పడేది కాబట్టి ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడిచేవారు, ఒక్కోసారి తోసేవారు. ఆ బండి నడిపిన డ్రైవరుకు అనవసరంగా బ్రేకు వేయకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయిన వేగం మళ్ళీ తెచ్చుకోవడం ఎంత కష్టమో అతనికి స్వయంగా తెలుసు. మైలేజీ శాస్త్రంలో ఇంతకు మించిన మొదటి పాఠం లేదు. బ్రేకు వేసిన ప్రతిసారీ అంతకుముందు కాల్చిన ఇంధనాన్ని వేడి రూపంలో గాలికి వదిలేస్తున్నాం.

యుద్ధం తర్వాతి కాలంలో పెట్రోలు మళ్ళీ చవకైంది. అంబాసిడర్, ఫియట్ రోడ్లేలిన రోజులవి. అంబాసిడర్ లీటరుకు తొమ్మిదో పదో కిలోమీటర్లు ఇస్తే మహా గొప్ప. కార్బురేటరు కాలం కాబట్టి ఆ ఒకటి రెండు కిలోమీటర్ల తేడా అంతా మెకానిక్ దగ్గరే తేలేది. పాయింట్లు గీకి గ్యాప్ సరిచేయడం, ప్లగ్గులు విప్పి మసి తుడవడం, జెట్ ఊది శుభ్రం చేయడం, ఇంజను చప్పుడు చెవితో వింటూ స్క్రూ అరచుట్టు ఇటూ అటూ తిప్పడం మంచి మెకానిక్ పనులు. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేసి, దాన్ని లోపలికి నెట్టడం మరిచిపోతే ఊరు దాటేసరికి ట్యాంకు సగమయ్యేది. ట్యూనింగ్ పోయిన బండిని ఎంత నెమ్మదిగా నడిపినా లాభం ఉండేది కాదు. అందుకే ఆ తరంవాళ్ళు డ్రైవింగ్ కన్నా సర్వీసింగ్‌ని ఎక్కువ నమ్మారు. వాళ్ళ కాలానికి ఆ నమ్మకం సబబే.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. నెలల వ్యవధిలో ముడిచమురు ధర నాలుగింతలైంది. అమెరికా 1974 జనవరిలో హైవే వేగాన్ని గంటకు 55 మైళ్ళకు కట్టడి చేసింది. ఇక్కడ 1973 నవంబరులో వాజపేయి పెట్రోలు ధరకు నిరసనగా ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. ఆ దెబ్బ మీదే మన దేశంలో ఇంధన పొదుపు ప్రభుత్వ విషయమైంది. 1978లో పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంఘం, అందరూ పీసీఆర్ఏ అనే సంస్థ, ఏర్పడింది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం, సరైన గేరు, టైర్లలో సరైన గాలి, సిగ్నలు దగ్గర ఇంజను ఆపడం అనే సూత్రాలు బంకుల గోడల మీదికి ఎక్కింది అప్పటినుంచే. చాలామంది చూసీ చూడనట్టు వెళ్ళిపోయారు.

పట్టించుకున్నది ఆర్టీసీ. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలై, 1958లో ఆంధ్రప్రదేశ్ సంస్థగా మారిన ఆర్టీసీలో కేఎంపీఎల్ అన్నది నిత్యం వినబడే మాట. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లని బస్సు వారీగా, డ్రైవరు వారీగా లెక్క తీస్తారు. ఒకే బస్సు, ఒకే రూటు, ఇద్దరు డ్రైవర్లు. ఒకరికి వచ్చిన కేఎంపీఎల్ రెండోవారికి రాకపోతే తప్పు బండిది కాదని తేలిపోతుంది. వెనకబడినవాళ్ళకు శిక్షణ ఇస్తారు, ముందున్నవాళ్ళను మెచ్చుకుంటారు. తెలుగునాట ఇంధన పొదుపు మీద పాఠ్యపుస్తకం రాయాలంటే యూనివర్సిటీకి కాదు, డిపోకు వెళ్ళాలని నా గట్టి నమ్మకం. సొంత కారున్న మనం మాత్రం ఆ లెక్క ఎన్నడూ నేర్చుకోలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ ఇంజను, తేలికైన ఒళ్ళు, అంబాసిడర్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు మైలేజీ. ఆ తర్వాత రెండేళ్ళకు హీరో హోండా సీడీ 100 వచ్చి బైకు కొనేవాడి మొదటి ప్రశ్ననే మార్చేసింది. బండి ఎంత ఇస్తుందన్నదే అందరి ప్రశ్న. నడిపేవాడు ఎంత రాబట్టగలడని ఎవరూ అడగలేదు. పొదుపు షోరూములో కొనుక్కునే వస్తువైపోయింది. నా దృష్టిలో ఇది ఈ మొత్తం చరిత్రలో జరిగిన పెద్ద పొరపాటు.

సరిగ్గా ఆ కాలంలోనే అండమాన్‌లో రోడ్డు పుట్టింది. 1970ల్లో మొదలై 1980ల చివరికి పూర్తయిన అండమాన్ ట్రంక్ రోడ్డు పోర్ట్‌బ్లెయిర్ నుంచి డిగ్లిపూర్ దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. దీన్ని జరావా ఆదివాసుల అడవి మధ్యనుంచి వేశారు. వాళ్ళు ఎదిరించారు, ఇరువైపులా ప్రాణాలు పోయాయి. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఆ అడవిలోని భాగాన్ని మూసేయమని ఆదేశించింది, అయినా రోడ్డు నడుస్తూనే ఉంది. ఇంధనం లెక్కలు చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయడం న్యాయం కాదు. ఆ రోడ్డు మీద మనం ఆదా చేసిన ప్రతి గంటకూ మూల్యం వేరేవాళ్ళు చెల్లించారు.

ఆ అడవి భాగం జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా 49 కిలోమీటర్లు. నిర్ణీత వేళల్లో మాత్రమే, పోలీసు బండి వెంట వరుసగా కాన్వాయ్‌లో వెళ్ళాలి. వేగం గంటకు 40 మించకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, ఎక్కడా ఆగకూడదు. ఈ నిబంధనలు జరావాల రక్షణ కోసం పెట్టినవి, మైలేజీ కోసం కాదు. కానీ డ్రైవింగ్‌లో ఇంధనం తినేవి ఏవో చూడండి. ఎగిరి దూకినట్టు వేగం పెంచడం, ముందు బండిని దాటడానికి రేసు ఇవ్వడం, ఆపి మళ్ళీ కదలడం. ఈ మూడూ అక్కడ నిషిద్ధం. మామూలు కారు టాప్ గేరులో 50, 70 మధ్య నిలకడగా పోతేనే అతి తక్కువ తాగుతుంది కాబట్టి 40 అన్నది కొంచెం తక్కువే. అయినా ఆ నిలకడే లాభం తెచ్చిపెడుతుంది. ముందు బండికి చాలినంత ఎడం వదిలి, యాక్సిలరేటరు మీద కాలు కదపకుండా వెళ్ళిన డ్రైవరుకు మీటరు మీద ఎప్పుడూ చూడని అంకె కనబడుతుంది. ముందు బండి డిక్కీకి అంటుకుపోయి, నిమిషానికి నాలుగు సార్లు బ్రేకు తొక్కినవాడికి అదే రోడ్డు మీద అదేమీ కనబడదు.

అక్కడే ఇంకో దృశ్యమూ ఉంది. కాన్వాయ్ వదిలేదాకా జిర్కాటాంగ్‌లో బండ్లు బారులు తీరుతాయి. తెల్లవారుజామునే వచ్చిన టూరిస్టు కార్లలో ఏసీ కోసం ఇంజన్లు ఆన్‌లోనే ఉంటాయి. చిన్న కారు ఊరికే నిలబడి గంటకు అరలీటరుకు పైగా తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. 49 కిలోమీటర్ల అడవి దారిలో మిగిల్చిందంతా అంతకుముందే పొగ గొట్టంలోంచి పోయి ఉంటుంది. అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల తేల్చిన ప్రకారం పది సెకన్లకు మించి ఆగే పనుంటే ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేయడమే మేలు. స్టార్ట్ చేస్తేనే ఎక్కువ తాగుతుందన్న మాట కార్బురేటరు నాటిది.

ఆ కార్బురేటరు మన కొత్త కార్లలోంచి 2000 ప్రాంతంలో మాయమైంది. ఉద్గార ప్రమాణాలు వచ్చాయి, సీసం లేని పెట్రోలు వచ్చింది, ఇంధనాన్ని కంప్యూటరు కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. దాంతో పాత సలహాలు సగం చెల్లని నాణేలయ్యాయి. గాలి ఫిల్టరు మూసుకుపోతే కార్బురేటరు బండి మైలేజీ పడిపోయేది. ఇంజెక్షన్ బండిలో కంప్యూటరు గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గించుకుంటుంది కాబట్టి పికప్ తగ్గుతుందే తప్ప మైలేజీ పెద్దగా తగ్గదని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి చెప్పింది. ఫిల్టరు మార్చుకోవాల్సిందే, కానీ అది ఇంజను ఆయుష్షు కోసం.

న్యూట్రల్ సంగతి ఇంకా ముఖ్యం. పోర్ట్‌బ్లెయిర్ అంటేనే ఎత్తుపల్లాలు. అబర్డీన్ బజారు గడియార స్తంభం దగ్గర్నుంచి ఏ దిక్కుకు తిరిగినా ఎక్కడమో దిగడమో తప్పదు. దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి వదిలేయడం ఇక్కడ చాలామందికి అలవాటు. ఈనాటి బండిలో అది నష్టమే. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, చక్రాలే ఇంజనును తిప్పుతాయి, ఒక్క చుక్క ఖర్చు కాదు. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను సొంతంగా తిరగాలి కాబట్టి తాగుతూనే ఉంటుంది. పైగా ఇంజను బ్రేకింగ్ పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజనే ఆపేసి దిగేవాళ్ళు మరీ ప్రమాదంలో ఉన్నారు. బ్రేకుకు ఊతమిచ్చే వాక్యూం రెండు మూడు తొక్కుళ్ళకు అయిపోతుంది. ఎక్కేటప్పుడు చేసే తప్పు హాఫ్ క్లచ్. ట్రాఫిక్ ఆగిన ఎత్తు మీద క్లచ్ సగం నొక్కి, రేసు ఇస్తూ బండిని నిలబెడితే పెట్రోలూ పోతుంది, క్లచ్ ప్లేటూ పోతుంది. హ్యాండ్ బ్రేకు ఉన్నది అందుకే.

మెకానిక్ పని అయిపోయిందని దీనర్థం కాదు. ద్వీపాల్లో ఏటా దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన, మిగతా రోజుల్లో ఉప్పుగాలి. వారం పది రోజులు కదలకుండా నిలబెట్టిన బండి బ్రేకు డిస్కు మీద తుప్పు తేలుతుంది. కాలిపర్ పిన్నులు బిగుసుకుని ప్యాడ్లు డిస్కును వదలవు. డ్రైవరుకు బండి కాస్త బరువుగా ఉన్నట్టు అనిపిస్తుందంతే. వర్క్‌షాపులో దాన్ని పట్టే పద్ధతి చాలా సులువు. జాకీ మీద ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోస్తారు. బాగున్న చక్రం కొద్దిగా గీరుతూనైనా చుట్టు తిరుగుతుంది. పట్టేసిన చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. పది కిలోమీటర్లు నడిపి దిగి, రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూసినా తెలుస్తుంది. మిగతా మూడింటి కన్నా ఒకటి సెగలు కక్కుతుంటే రోజూ బ్రేకు వేసుకునే తిరుగుతున్నట్టు లెక్క. ఉప్పుగాలి తగిలే ఏ ఊరికైనా, భీమిలికైనా మచిలీపట్నానికైనా, ఈ పరీక్ష వర్తిస్తుంది.

టైర్ల గాలి గురించి అందరూ చెబుతారు కాబట్టి లెక్క మాత్రం ఇస్తాను. అమెరికా ఇంధన శాఖ ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. పది తగ్గితే రెండు శాతం. వాళ్ళే చెప్పిన ఇంకో లెక్క పక్కన పెట్టి చూడండి. దూకుడుగా నడిపితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఊళ్ళో ఆగుతూ సాగుతూ ఉంటే 10 నుంచి 40 శాతం మైలేజీ పోతుంది. వర్క్‌షాపులో సరిచేసేదానికి ఎన్నో రెట్లు కాలితో సరిచేయవచ్చు.

దారి ఎంచుకోవడమూ డ్రైవింగే. మౌంట్ హ్యారియట్ కొండకు (2021 నుంచి దాని పేరు మౌంట్ మణిపూర్) పోర్ట్‌బ్లెయిర్ నుంచి రోడ్డు మీద చుట్టి వెళ్తే సుమారు 55 కిలోమీటర్లు. చాథం దగ్గర బండిని ఫెర్రీ ఎక్కించి బాంబూఫ్లాట్‌లో దింపుకుంటే మొత్తం 15 కిలోమీటర్లే.

ఇక ఈనాటి సంగతులు రెండు. 2019 ఏప్రిల్ నుంచి ఇథనాల్ కలిపిన పెట్రోలును దేశమంతటికీ విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లను మినహాయించారు. ఇరవై శాతం ఇథనాల్‌తో, దానికోసం తయారు కాని పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. బండిని విశాఖ నుంచి ఓడ మీద తెచ్చుకున్నవాళ్ళు రెండు చోట్ల మైలేజీని పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. రెండోది ఎలక్ట్రిక్ బండి. ద్వీపాల కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లదే. కాల్పోంగ్ జలవిద్యుత్తు 5.25 మెగావాట్లు, గారచర్మా, అట్టంపహాడ్, డాలీగంజ్‌లలో సౌర పలకలు దానికి తోడు. లీటరు డీజిలుకు జనరేటరు మూడున్నర యూనిట్ల చొప్పున ఇస్తే, తీగల్లో, చార్జింగ్‌లో పోయింది పోగా చిన్న ఎలక్ట్రిక్ కారు నడిచేది ఇరవై కిలోమీటర్ల చుట్టూనే. మంచి చేతిలో ఉన్న డీజిలు కారూ అంతే ఇస్తుంది. సౌర విద్యుత్తు వాటా పెరిగేదాకా ఇక్కడ బండి మార్చడం కన్నా నడక మార్చడమే ఎక్కువ ఆదా.

2011 జనగణన నాటికి 3.8 లక్షల ద్వీపవాసుల్లో వందకు పదమూడు మంది మాతృభాష తెలుగు. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారినా, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళ జీవనం ఇక్కడి రోడ్ల మీద, రేవుల్లో సాగుతూనే ఉంది. వాళ్ళకు నా మనవి ఆర్టీసీ డిపోల నుంచి తీసుకున్నదే. ఈసారి ట్యాంకు నిండా పోయించినప్పుడు మీటరు అంకె రాసుకోండి. మళ్ళీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో లెక్కకట్టండి. ప్రతి నెలా ఈ లెక్క తీయండి. ఇంట్లో ఇద్దరు నడిపితే ఇద్దరికీ వేరువేరుగా తీయండి. అధికారులకు ఒకటే విన్నపం. జిర్కాటాంగ్ వరుసలో కాన్వాయ్ కదిలేదాకా ఇంజన్లు ఆపి ఉంచాలన్న నిబంధన పెట్టి, ఓవర్‌టేక్ నిషేధాన్ని ఎంత గట్టిగా అమలు చేస్తారో దీన్నీ అంత గట్టిగా అమలు చేయండి.